నేపాలీ సాహిత్యం ఎక్కడ మొదలుపెట్టాలి? ('నేపాల్ భాష' అంటే అచ్చుతప్పా?)

ఇరానీచాయ్
మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ నేపాల్ ఆయన. ఆరేళ్ళుగా గేటు దగ్గర ఉంటున్నాడు. మొన్న పార్సిల్ కోసం ఆయన గదిలోకి తొంగిచూస్తే రిజిస్టర్ కింద ఒక పలచటి పుస్తకం కనపడింది. అట్ట చిరిగిపోతే పాలిథిన్ కవర్ తొడిగి దారంతో కట్టుకున్నాడు. దేవనాగరి లిపే కాబట్టి కూడబలుక్కున్నా: 'మునా మదన్'. ఏంటిది అని అడిగితే "మా ఊళ్ళో చదువురానోళ్ళకి కూడా ఇది నోటికొస్తుంది సార్" అన్నాడు. ఇంతలో ఎవరో హారన్ కొట్టారు, గేటు తీయడానికి పరిగెత్తాడు.

ఆ రాత్రి నెట్‌లో వెతికితే బుర్ర తిరిగింది. ఒకచోట 'నేపాలీ' అని, ఇంకోచోట 'నేపాల్ భాష' అని, మరోచోట నేపాల్ రాజులు మైథిలిలో నాటకాలు రాశారని ఉంది. ఇవన్నీ ఒకటేనా? ఎక్కడ మొదలుపెట్టాలి? చదివినవాళ్ళు చెప్పండి.

సిలిగుడి తాత
బాబూ, నేను రైల్వేలో సర్వీసంతా ఉత్తర బెంగాల్లో చేశాను. నాతో పనిచేసినవాళ్ళలో సగంమంది ఇంట్లో నేపాలీ మాట్లాడేవాళ్ళే. ఆ సావాసంతో నాకూ చదవడం వచ్చింది. మీ వాచ్‌మన్ సరైన పుస్తకమే పట్టుకున్నాడు.

'మునా మదన్' లక్ష్మీప్రసాద్ దేవకోటా 1936లో రాసినది. కథ గుప్పెడే. మదన్‌కి అప్పులు, ముసలి తల్లి, కొత్తగా వచ్చిన భార్య. నాలుగు డబ్బులు సంపాదించుకొస్తానని టిబెట్‌లోని లాసాకి బయల్దేరతాడు. మునా వద్దంటుంది. ఆకుకూర తిన్నా చాలు, కలిసుందాం అంటుంది. వినడు. తిరుగు దారిలో జబ్బుపడితే తోటివాళ్ళు అడవిలో వదిలేసి పోతారు. ఒక భోటే, అంటే టిబెట్ వైపు మనిషి, ఇంటికి మోసుకెళ్ళి బతికిస్తాడు. మదన్ ఛెత్రీ, పై కులంవాడు. అయినా ఆ భోటే కాళ్ళు పట్టుకుని ఒక మాటంటాడు: మనిషి పెద్దవాడయ్యేది మనసుతో, జాతితో కాదు అని. నేపాల్లో ఈ మాట తెలియనివాళ్ళు ఉండరు. చివరికి ఇల్లు చేరేసరికి మునా లేదు.

దీన్ని ఆయన శాస్త్రీయ ఛందస్సులో రాయలేదు. కొండల్లో జనం పాడుకునే 'ఝ్యావురే' బాణీలో రాశాడు. పండితులు దాన్ని మోటు పాటగా చూసేవాళ్ళు. దేవకోటాకి సంస్కృత వృత్తాలు రాకనా? 1945లో 'శాకుంతల' అని నేపాలీలో మొదటి మహాకావ్యం రాసినవాడు ఆయనే. 1959లో కాన్సర్‌తో పోతూ, నా రాతలన్నీ తగలబెట్టినా 'మునా మదన్' ఒక్కటి ఉంచండి అన్నాడని చెప్పుకుంటారు.

ముత్యాలసరం
తాతగారూ, ఇది చదువుతుంటే గురజాడ గుర్తొస్తున్నాడు. అదే పని: పండితులకి ఆనని నడక తీసుకుని, అందులో 'ఎంచి చూడగ రెండె కులములు' అనడం. ఆయన పాతికేళ్ళు ముందు.

సిరిసిల్ల_దుబాయ్
నేను పుస్తకాలు సదివినోన్ని కాదు గని ఒక ముచ్చట చెప్త. తొమ్మిదేండ్లు గల్ఫ్‌ల క్యాంపుల ఉన్న. మా రూంల ఎనిమిది మందిమి, అండ్ల నలుగురు నేపాలోళ్ళు. శుక్రవారం వచ్చిందంటే దోహోరీ పెడుతుండ్రి. మొగోళ్ళు ఒక సరణం, ఆడోళ్ళు ఒక సరణం, సవాల్ జవాబ్ లెక్క. మా దగ్గర ఆడోళ్ళు యాడికెల్లి వస్తరు? ఫోన్ల ఆడగొంతు వస్తుంటే ఈళ్ళు జవాబు పాడుతుండ్రి. ఒకాయన ఈ మునా పాట పాడి మధ్యల ఆగిపోయిండు. మల్ల పాడలే. అప్పుడు నాకు సమజ్ గాలే. తాత చెప్పినంక ఇప్పుడైంది. లాసాకు బదులు మేం ఖతర్ వోయినం, గంతే.

ఇరానీచాయ్
అన్నా, నీ పోస్ట్ చదివాక ఇంకేం అడగాలో తోచడం లేదు. అయినా అసలు ప్రశ్న అలాగే ఉంది: 'నేపాల్ భాష' అంటే?

మాటలమూట
అచ్చుతప్పు కాదండీ. అది వేరే భాష. దాన్నే నేవారీ అని బయటివాళ్ళు అంటారు. మాట్లాడే నేవార్లు మాత్రం 'నేపాల్ భాష' అనే అంటారు, నేవారీ అంటే కొందరికి కోపం కూడా.

చిక్కంతా పేర్లలో ఉంది. పాతకాలంలో 'నేపాల్' అంటే ఖాట్మండు లోయ ఒక్కటే. ఆ లోయ భాష కాబట్టి నేపాల్ భాష. అది టిబెటో-బర్మన్ కుటుంబంది. ఇప్పుడు మనం నేపాలీ అంటున్నది పడమటి కొండల నుంచి వచ్చిన ఖస్ భాష, హిందీకి చుట్టం. దాన్ని ఖస్ కురా, పర్బతియా, గోర్ఖాలీ అనేవాళ్ళు. గోర్ఖా రాజు పృథ్వీనారాయణ్ షా 1768-69లో లోయని గెలిచాక దేశానికి నేపాల్ పేరు స్థిరపడింది. భాషకి 'నేపాలీ' అన్న సర్కారు ముద్ర పడింది 1930లలోనే. 1913లో పెట్టిన ప్రచురణ సమితి పేరు కూడా మొదట్లో 'గోర్ఖా భాషా ప్రకాశినీ సమితి'. పేరుకి ప్రచురణ, చేసే పని సెన్సారు. వాళ్ళ అనుమతి లేకుండా పుస్తకం అచ్చువేస్తే శిక్షే.

2021 జనగణనలో 124 మాతృభాషలు తేలాయి. నేపాలీ మాతృభాషగా ఉన్నవాళ్ళు నూటికి 45 లోపే. తర్వాత మైథిలి 11, భోజ్‌పురి 6 పైన, ఆ తర్వాత థారూ, తమాంగ్. కాబట్టి నేపాలీ సాహిత్యం అడిగితే ఒక జవాబు, నేపాల్ సాహిత్యం అడిగితే ఇంకో జవాబు.

కందపద్యం
మంచి సమాచారమే కానీ, నిజం చెప్పుకోవాలంటే నేపాలీకి ఆదికవి భానుభక్త ఆచార్య అంటారు. పుట్టింది 1814లో. మన నన్నయకి ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత. అంత చిన్న వయసు సాహిత్యానికి ఇంత హడావుడి అవసరమా?

మాటలమూట
కందపద్యం గారూ, ఇప్పుడే కదండీ చెప్పాను, నేపాలీ ఒక్కటే నేపాల్ కాదని! లలిత్‌పుర్‌లో ఉకు బహాల్ అనే బౌద్ధ విహారానికి చెందిన తాటాకు పత్రం నేపాల్ భాషలో ఉంది, 1114 నాటిది. కవిత్వం కాదు లెండి, విహారం వ్యవహారాలకి సంబంధించిన పత్రం. కానీ భాష రాతలో ఉంది. నన్నయకి ఎంతో దూరం లేదు. మైథిలి అయితే జ్యోతిరీశ్వర్ ఠాకూర్ 'వర్ణ రత్నాకరం' 14వ శతాబ్దపు వచనం. ఆ కాలానికి వచనం రాసుకున్న ఉత్తరాది భాషలు ఎన్ని ఉన్నాయో మీరే లెక్కపెట్టండి.

తంజావూరు తెలుగు
మైథిలి మాట వచ్చింది కాబట్టి ఆగలేక రాస్తున్నా. మాది తమిళనాట స్థిరపడిన తెలుగు కుటుంబం. మా ఇంట్లో తెలుగు మాట్లాడటమే గానీ చదవడం నేను ఇరవై ఏళ్ళు దాటాకే నేర్చుకున్నా.

తంజావూరు నాయక రాజులు తమిళదేశంలో కూర్చుని తెలుగులో యక్షగానాలు రాశారు కదా. విజయరాఘవ నాయకుడు ఏలింది 1633 నుంచి 1673 దాకా. సరిగ్గా అదే కాలంలో ఖాట్మండు లోయలో మల్ల రాజులు, వాళ్ళ జనం మాట్లాడేది నేపాల్ భాష అయినా, ఆస్థాన నాటకాలు మైథిలిలో రాయించారు, తామే రాశారు. భక్తపుర్ రాజు జగజ్జ్యోతిర్ మల్లుడి 'హర గౌరీ వివాహం' 1629 నాటిది. వాళ్ళకి మైథిలి అంటే మహాకవి విద్యాపతి భాష, పాటల భాష. మన కృష్ణదేవరాయల కాలం తర్వాత తెలుగుకి దక్షిణాన ఉన్న హోదాలాంటిది.

ఇంకో పోలిక చూసి నేను కాసేపు అలాగే కూర్చుండిపోయా. పాటన్ (పైన చెప్పిన లలిత్‌పుర్ ఇదే) రాజు సిద్ధినరసింహ మల్లుడు 1641లో కార్తిక నాచ్ మొదలుపెట్టాడు. ఇప్పటికీ కార్తికమాసంలో దర్బారు ముందు వేదిక మీద రాత్రుళ్ళు ఆడతారు. అందులో పెద్ద ఘట్టం నరసింహుడు హిరణ్యకశిపుణ్ణి చంపడం. మా జిల్లాలో మెలట్టూరు భాగవత మేళం ఉంది. తమిళ ఊళ్ళో, తెలుగులో 'ప్రహ్లాద చరిత్రం'. నరసింహుడి ముఖోటాకి పూజ చేసి, ఉపవాసం ఉండి కట్టుకుంటారు. తెల్లవారుజామున స్తంభం పగిలే ఘట్టానికి పిల్లలంతా నిద్రలేచి కూర్చునేవాళ్ళం. ఆ ముఖోటా వేసుకున్నాయన్ని ఇద్దరు ముగ్గురు గట్టిగా పట్టుకునేవాళ్ళు, పూనకం వస్తుందని. ప్రేక్షకుల్లో చాలామందికి ఒక్క తెలుగు ముక్క అర్థం కాదు. పాటన్‌లో పాటల మైథిలి కూడా ఇప్పటి జనానికి అంతే దూరంలో ఉండి ఉంటుంది అనుకుంటున్నా.

కందపద్యం
సరే, ఓడిపోయాను. తంజావూరు గారి పోస్ట్‌తో నోరు మూతపడింది. కానీ భానుభక్తుడి సంగతి ఎవరైనా చెప్తే వింటా. ఆదికవి అంటే ఎందుకో తెలియాలిగా.

సిలిగుడి తాత
అది నాకు వదలండి. డార్జీలింగ్ చౌరస్తాలో ఆయన విగ్రహం ఉంది. జూలై 13న భాను జయంతి అంటే అక్కడ పండగే.

ఆయన గురించి చెప్పే కథ: తనహూ జిల్లాలో పెద్దింటి పిల్లాడు. ఒక రోజు గడ్డి కోసేవాణ్ణి కలిశాడు. ఆ బీదవాడు, గడ్డి అమ్మిన డబ్బుతో బావి తవ్విస్తా, నేను పోయాక నా పేరుంటుంది అన్నాడట. వీడికున్న ఆలోచన నాకు లేకపోయిందే అని సిగ్గుపడి కలం పట్టాడంటారు. మోతీరామ్ భట్ట 1891లో రాసిన జీవితచరిత్ర వల్ల ఈ కథ ఊరూరా పాకింది. అసలు మోతీరామ్ లేకపోతే భానుభక్తుడూ లేడు. ఎవరి పెళ్ళిలోనో ఆయన పద్యాలు పాడుతుంటే విని, వెతికి, కాశీలో అచ్చువేయించాడు. కవి 1868లోనే పోయాడు. మొత్తం రామాయణం అచ్చయింది 1887లో.

అధ్యాత్మ రామాయణాన్ని తీసుకుని, పల్లెలో ముసలామెకి కూడా అర్థమయ్యే నేపాలీలో శ్లోకాలు కట్టాడు. అంతకు ముందు రాసినవాళ్ళు లేకపోలేదు. ఇంటింటికీ వెళ్ళింది మాత్రం ఇదే. దాంట్లో కొంత జైల్లో రాశాడు. సర్కారు ఉద్యోగంలో లెక్కలు తేలలేదని ఖాట్మండులో కుమారీచోక్ అనే చోట పెట్టారు. అక్కడి నుంచి పంపిన అర్జీ కూడా పద్యమే. అందులో ఏమంటాడంటే, ఇక్కడ నాకు సావాసం దోమలూ నల్లులూ గోమార్లూ, దోమలు పాడుతుంటే గోమార్లు ఆడుతున్నాయి, నేను కూర్చుని చూస్తున్నాను అని. లెక్కల్లో ఇరుక్కుని జైలుకెళ్ళి రాముణ్ణి పట్టుకున్నవాడు మనకీ ఒకడున్నాడు కదా. రామదాసు దేవుణ్ణి తిట్టాడు. ఈయన అధికారుల్ని నవ్విస్తూ అడిగాడు.

నిద్రపట్టనివాడు
జైలు గురించి ఎత్తారు కాబట్టి. రాణాల కాలంలో, అంటే వంశపారంపర్య ప్రధానమంత్రులు నేపాల్‌ని ఏలిన రోజుల్లో, కవులకి జైలు అత్తారిల్లు అన్నట్టుండేది. అన్నిటికంటే నాకు విచిత్రంగా అనిపించేది మొక్కజొన్న కథ. 1920లో కృష్ణలాల్ అధికారి అనే గుమస్తా 'మకైకో ఖేతీ' అని పుస్తకం వేశాడు. పేరుకి మొక్కజొన్న సేద్యం. అందులో పంటని తినే ఎర్రతల పురుగులూ నల్లతల పురుగులూ ఉన్నాయి. విదేశీ కుక్కలు ముద్దు చేయించుకోడానికే, ఇంటికి దొంగొస్తే మొరిగేది నాటు కుక్కే అన్న వాక్యం కూడా ఉందట. ఈ పురుగులు మన గురించే అని దర్బారులో ఎవరికో అనిపించింది. ప్రతులన్నీ వెనక్కి లాక్కుని తగలబెట్టారు. రచయితకి తొమ్మిదేళ్ళ శిక్ష. జైల్లోనే పోయాడు.

పురుగుల మందు గురించి రాసినా భయమే అన్నమాట.

నేపాల్ భాషలో రాసేవాళ్ళకి ఇంకా రెండింతలు. ఏం రాశావన్నది తర్వాత, ఆ భాషలో రాయడమే నేరం. సిద్ధిచరణ్ శ్రేష్ఠకి ఒక కవితకి 18 ఏళ్ళు వేశారు, 1945లో వదిలారు. ఆయన నేపాలీలో కూడా గొప్ప కవే. చిత్తధర్ హృదయ అనే ఆయన్ని 1941లో లోపలేశారు. కాగితం ఇవ్వలేదు. అన్నం తెచ్చే చెల్లెలు మోతీలక్ష్మి ద్వారా ముక్కలు ముక్కలుగా బయటికి పంపించి 'సుగత సౌరభం' రాశాడు. బుద్ధుడి జీవితం మీద పందొమ్మిది సర్గల మహాకావ్యం. 1949లో కలకత్తాలో అచ్చయింది.

దాని ఇంగ్లిష్ అనువాదం నేను చదివా. ఒక్క విషయం చెప్తా. పాత బౌద్ధ గ్రంథాల్లో లేని వివరాలు ఎక్కడ అవసరమైతే అక్కడ ఆయన తన ఊరిని నింపేశాడు. ఇళ్ళు, పెళ్ళి తంతు, నగలు, వంటలు అన్నీ నేవార్లవే. కపిలవస్తు అంటాడు గానీ నడిచేది ఖాట్మండు సందుల్లోనే. నాలుగు గోడల మధ్య ఉన్నవాడు ఊరంతా తిరిగొచ్చాడు. ఆ చెల్లెలు కూడా ఊరికే క్యారేజీ మోసిన మనిషి కాదు. ఆధునిక నేపాల్ భాషలో మొదటి కవయిత్రి, కథకురాలు ఆవిడే.

ముత్యాలసరం
రాణాలు 1951లో పోయారు కదా, తర్వాత బాగుపడిందా?

మాటలమూట
కొంతే. 1960లో రాజు మహేంద్ర పార్టీల్ని రద్దుచేశాడు. అప్పటి ప్రధాని బి.పి. కోయిరాలా ఎనిమిదేళ్ళు సుందరీజల్ నిర్బంధంలో ఉన్నాడు. ఆయన కూడా కథకుడే, నేపాలీలో మనస్తత్వ కథలకి ఆద్యుడు. 1965లో రేడియో నేపాల్ నేపాల్ భాషలోనూ హిందీలోనూ వార్తలు ఆపేసింది. దానికి నిరసన ఎలా చేశారో తెలుసా? ఖాట్మండు కూడళ్ళలో, విహారాల ముంగిళ్ళలో కవి సమ్మేళనాలు పెట్టారు. 2015 రాజ్యాంగం మాతృభాషలన్నీ జాతీయ భాషలే అంది. కేంద్రంలో అధికార భాష మాత్రం నేపాలీ.

దిరిసెన
నా పేరు చూశారుగా, ఇక నేను మాట్లాడక తప్పదు. పారిజాత్ 'శిరీష్‌కో ఫూల్' అంటే దిరిసెన పువ్వే. 1965లో వచ్చింది. నేపాలీ సాహిత్యంలో పెద్ద బహుమతి మదన్ పురస్కారం, అది అందుకున్న మొదటి మహిళ ఆవిడ. పుట్టింది డార్జీలింగ్, తమాంగ్ కుటుంబం, అసలు పేరు విష్ణుకుమారి వైబా. రాసింది నేపాలీలో. ఇంగ్లిష్‌లో 'బ్లూ మిమోసా' పేరుతో దొరుకుతుంది.

కథ చెప్పేవాడు రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలో పోరాడి వచ్చిన మాజీ సైనికుడు. అక్కడ ఆడవాళ్ళకి తను చేసింది మనసులో కుళ్ళుతూ ఉంటుంది. స్నేహితుడి చెల్లెలు సకంబరి. కత్తిరించిన జుట్టు, చేతిలో సిగరెట్, మాట చురుకు. ఇతనికి ఆమె మీద మోహం. అదేం ప్రేమకథ కాదండీ. చదివాక నాకు ఇతని మీద జాలి రావాలా అసహ్యం రావాలా తెలియలేదు. రచయిత్రి కూడా తేల్చదు. గూర్ఖా సైనికుడంటే వీరుడు అనే బొమ్మే మనకి అలవాటు. ఆ బొమ్మని లోపల్నుంచి చూపించింది ఈవిడ.

అలాగే భారత్‌లో ఉన్న నేపాలీ రచయితల్ని మర్చిపోకండి. గువాహటి వైపు లీల్ బహాదుర్ ఛెత్రీ 'బసాయ్' (1957), అప్పుల్లో పొలం పోగొట్టుకుని ఊరొదిలే కుటుంబం కథ. డార్జీలింగ్ ఇంద్రబహాదుర్ రాయ్. నేపాలీ 1992లో మన రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోకి వచ్చింది, కొంకణి, మణిపురితో పాటు. అంటే అది మన దేశ భాష కూడా. 'వాళ్ళ సాహిత్యం' అని అంటుంటే నాకు చిరాకు.

ఉట్నూరు_మాస్టారు
ఇంద్రబహాదుర్ రాయ్ పేరు వచ్చింది కాబట్టి ఆయన తోటివాడి గురించి. 1963లో డార్జీలింగ్‌లో ఆయన, ఈశ్వర్ బల్లభ్, బైరాగీ కాయిలా కలిసి 'తేస్రో ఆయామ్' అంటే మూడో పరిమాణం అనే కవితా ఉద్యమం నడిపారు. కాయిలా మంచి పేరొచ్చిన నేపాలీ కవి. కానీ మాతృభాష లింబూ. తర్వాత జీవితంలో ఎక్కువ భాగం లింబూ 'ముంధుమ్' సేకరించి అచ్చువేయడానికి ఇచ్చేశాడు. ముంధుమ్ అంటే లింబూ, రాయ్ జాతుల నోటి పురాణం. ఫేదాంగ్మా అనే పూజారి పుట్టుకకీ చావుకీ రాత్రంతా పాడతాడు. సృష్టి ఎట్లా అయింది, మనిషి ఎట్లా వచ్చాడు, అన్నీ అందులో.

లింబూకి సొంత లిపి కూడా ఉంది, సిరిజంగా లిపి. 18వ శతాబ్దంలో దాన్ని నేర్పుతూ తిరిగినందుకు సిరిజంగాని చెట్టుకి కట్టి బాణాలతో చంపారని వాళ్ళు చెప్పుకుంటారు. తర్వాత ఇమాన్‌సింగ్ చెమ్‌జోంగ్ మళ్ళీ పట్టుకుని వ్యాప్తిచేశాడు. నేను ఆదిలాబాద్ జిల్లాలో గోండు పిల్లలకి చెప్పేవాణ్ణి. గోండి భాష రాసే గుంజాల లిపి బయటపడ్డప్పుడు ఊరి పెద్దలు ఆ పాత రాతల్ని గుడ్డలో చుట్టి ఎట్లా పట్టుకున్నరో చూసినవాణ్ణి. అందుకే ఈ చెమ్‌జోంగ్ కథ చదివినప్పుడు నాకు మన గిడుగు, సవర భాష యాదికొచ్చినయి.

కందపద్యం
మాస్టారూ, మీ పోస్ట్ రెండుసార్లు చదివాను. సరే, సామాన్యుడికి దొరికేవి చెప్పండి ఎవరైనా.

నిద్రపట్టనివాడు
ఇంగ్లిష్ చదవగలిగితే మైకేల్ హట్ సంకలనం 'హిమాలయన్ వాయిసెస్' పట్టుకోండి. ఆధునిక కవులూ కథకులూ అందులో ఉన్నారు. 'బసాయ్' కూడా ఆయనే అనువదించారు. మాధవ్‌ప్రసాద్ ఘిమిరే లాంటి పాటల కవులు అనువాదంలో ఇమడరు, వాళ్ళని వినాల్సిందే. భూపి శేర్‌చన్ 'తిరిగే కుర్చీ మీద గుడ్డివాడు' కవిత తప్పకుండా చదవండి. ఆయన థకాలీ జాతివాడు. ఆఫీసులో పనిచేసేవాళ్ళు రాత్రిపూట చదవొద్దు, నిద్ర పట్టదు. నా పేరు చూసి నమ్మండి.

ఇరానీచాయ్
నేనే థ్రెడ్ మొదలుపెట్టి నాలుగు రోజులు మాయమయ్యా, క్షమించండి. నిన్న రాత్రి చలికి నిద్రలేక కిందికి దిగి వాచ్‌మన్ పక్కన కూర్చున్నా. మీ దగ్గర నేర్చుకున్న జ్ఞానమంతా గుప్పించా: దేవకోటా, భానుభక్త, ఝ్యావురే. ఆయన ఓపిగ్గా విన్నాడు. తర్వాత, "అది బళ్ళో నేర్చుకున్నది సార్, ఇంట్లో మేం మాట్లాడేది నేపాలీ కాదు" అన్నాడు. థారూ అట. ఊరు బర్దియా, తాత మాత్రం దాంగ్ నుంచి వలసొచ్చాడట. ఆరేళ్ళలో నేనొక్కసారీ అడగలేదు.

మరి మీ భాషలో పుస్తకాలున్నాయా అంటే "నాకు తెలిసి మా ఇంట్లో లేవు, తాత బర్కా నాచ్‌లో పాడేవాడు" అన్నాడు. అదేంటో ఎవరికైనా తెలుసా?

మాటలమూట
బర్కా నాచ్ అంటే పెద్ద ఆట. దాంగ్ థారూల మహాభారతం అండీ! పుస్తకం చూసి కాదు, తరతరాలుగా నోటితో వచ్చింది. పాట, ఆట కలిసే ఉంటాయి. 1990లలో దాన్ని రాయించి అనువాదంతో సహా అచ్చువేశారు. ఆయనకి ఎన్ని చరణాలు గుర్తున్నాయో అడిగారా?

ఇరానీచాయ్
అడిగా. రెండు పాడాడు. మూడోది మొదలుపెట్టేసరికి ఫ్లాట్ 402 వాళ్ళ క్యాబ్ వచ్చింది. ఆదివారం ఆయనకి పగలు డ్యూటీ లేదు, ఫోన్ చార్జింగ్ పెట్టుకుని వెళ్తా.

సిరిసిల్ల_దుబాయ్
అన్నా, జర ఆయన మంచిదంటేనే రికార్డ్ చెయ్యి. గేటు కాడ గాదు, యాడన్న కూసోబెట్టి చాయ్ తాపించి.